వేసవి కూరగాయలను ఎప్పుడు విత్తాలి? ఆసిఫాబాద్ చలి మండలాలకు ఒక లెక్క

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో వేసవి కూరగాయల సాగుకు ఒకవైపు చలి, మరొకవైపు ఎండ హద్దులుగా నిలుస్తాయి. సిర్పూర్(యు), కెరమెరి, వాంకిడి మండలాల్లోనూ, తిర్యాణి మండలంలోని గిన్నెధరి వంటి గ్రామాల్లోనూ డిసెంబరు, జనవరి మాసాల రాత్రి ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోవడం సాధారణం. రాష్ట్రంలోని అత్యల్ప ఉష్ణోగ్రతలు తరచుగా ఇక్కడే నమోదవుతాయి. అదే జిల్లాలో ఏప్రిల్ నుండి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. చలి పూర్తిగా తగ్గేవరకు ఆగితే కాత ఎండలో పడుతుంది. ఎండకు భయపడి తొందరపడితే గింజ చల్లని నేలలో కుళ్లుతుంది.

తీగజాతి కూరగాయలను వేసవి పంటగా డిసెంబరు రెండవ పక్షం నుండి ఫిబ్రవరి చివరి వరకు విత్తుకోవచ్చునన్నది రాష్ట్రంలో వాడుకలో ఉన్న సాధారణ సిఫారసు. ఇది సుమారు 75 రోజుల గడువు. ఖమ్మం, నల్లగొండ వంటి వెచ్చని జిల్లాల రైతుకు ఈ గడువులో ఎక్కువ భాగం ఉపయోగపడుతుంది. ఆసిఫాబాద్ రైతు మాత్రం దీనిని రెండు వైపులా కత్తిరించుకోవలసి ఉంటుంది. మొదటి హద్దును నేల వెచ్చదనం నిర్ణయిస్తుంది. చివరి హద్దును ఏప్రిల్ ఎండ, బావిలోని నీరు నిర్ణయిస్తాయి. ఈ రెండింటి నడుమ మిగిలేది పంటను బట్టి, పొలాన్ని బట్టి మూడు నుండి ఐదు వారాలు మాత్రమే. ఆ వారాలను గుర్తించే పద్ధతినీ, అవి చేజారకుండా ముందుగా చేసుకోవలసిన పనులనూ ఈ వ్యాసంలో చర్చిద్దాం.

పండుగ తేదీ, కార్తె తేదీ

విత్తు కాలాన్ని గుర్తుంచుకోవడానికి గ్రామాల్లో పండుగలే గుర్తులు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని తెలుగునాట అంతటా అంటారు. ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు మొదలయ్యే నాగోబా జాతర మరొక పెద్ద గుర్తు. అయితే ఈ రెండూ చాంద్రమానం ప్రకారం వచ్చేవి. నాగోబా జాతర 2024లో ఫిబ్రవరి 9న, 2025లో జనవరి 28న, 2026లో జనవరి 18న వచ్చింది. శివరాత్రి 2024లో మార్చి 8న, 2026లో ఫిబ్రవరి 15న వచ్చింది. అంటే ఒకే పండుగ రెండేళ్ల వ్యవధిలో మూడు వారాలు ముందుకు జరిగింది. నేలను వేడిచేసే సూర్యుని గమనంలో ఆ మార్పు ఉండదు. మొత్తం గడువే మూడు నుండి ఐదు వారాలైనప్పుడు, మూడు వారాలు అటూ ఇటూ జరిగే గుర్తును నమ్ముకోవడం శ్రేయస్కరం కాదు.

కార్తెలు సూర్యుని గమనాన్ని అనుసరించి లెక్కించినవి కనుక ఏటా దాదాపు ఒకే తేదీల్లో వస్తాయి. ఉత్తరాషాఢ కార్తె సుమారుగా జనవరి 11 నుండి 23 వరకు, శ్రవణ కార్తె జనవరి 24 నుండి ఫిబ్రవరి 5 వరకు, ధనిష్ఠ కార్తె ఫిబ్రవరి 6 నుండి 18 వరకు, శతభిష కార్తె ఫిబ్రవరి 19 నుండి మార్చి 3 వరకు ఉంటాయి. వానాకాలం పంటలకు రోహిణి, మృగశిర కార్తెలను పట్టించుకునే రైతు వేసవి కూరగాయలకు శ్రవణ, ధనిష్ఠ కార్తెలను అదే విధంగా గుర్తుంచుకోవడం మంచిది. అయితే కార్తె సగటు కాలాన్ని మాత్రమే సూచిస్తుంది. ఆ ఏటి చలి ఎట్లా ఉన్నదో తెలియాలంటే నేలనే పరీక్షించాలి.

గింజకు తెలిసేది నేల వేడి

వార్తల్లో వినిపించే కనిష్ఠ ఉష్ణోగ్రత గాలిది. విత్తనం ఉండేది నేలలో 2 నుండి 4 సెంటీమీటర్ల లోతున. రాత్రి గాలి 9 డిగ్రీలకు చల్లబడినా పగలు ఎండ బాగా కాసిన నేల అంతగా చల్లబడదు. అందుచేత గాలి ఉష్ణోగ్రతను చూసి భయపడడమూ, మధ్యాహ్నపు ఎండను చూసి తొందరపడడమూ రెండూ పొరపాటే.

నేల ఉష్ణోగ్రతకూ మొలకకూ ఉన్న సంబంధాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు హారింగ్టన్, మింజెస్ 1954లో వెలువరించిన పట్టిక నేటికీ ప్రపంచమంతటా ప్రామాణికంగా వాడుకలో ఉంది. దాని ప్రకారం మొలక నేలపైకి రావడానికి పట్టే రోజులు ఇవి:

కీరదోస: 15 డిగ్రీల వద్ద 13 రోజులు, 20 డిగ్రీల వద్ద 6, 25 డిగ్రీల వద్ద 4, 30 డిగ్రీల వద్ద 3.
బెండ: 15 డిగ్రీల వద్ద 27 రోజులు, 20 డిగ్రీల వద్ద 17, 25 డిగ్రీల వద్ద 13, 30 డిగ్రీల వద్ద 7.
టమాట: 15 డిగ్రీల వద్ద 14 రోజులు, 20 డిగ్రీల వద్ద 8, 25 డిగ్రీల వద్ద 6, 30 డిగ్రీల వద్ద 6.
పుచ్చ: 20 డిగ్రీల వద్ద 12 రోజులు, 25 డిగ్రీల వద్ద 5, 30 డిగ్రీల వద్ద 4.

ఈ అంకెలు ఒకే ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచి చేసిన పరీక్షలవి. మన పొలంలో పగటికీ రాత్రికీ తేడా ఎక్కువగా ఉంటుంది కనుక రోజులు కొంత మారవచ్చు. అయినా పంటల మధ్య తేడా మాత్రం మారదు. చల్లని నేలలో బెండ అన్నింటికంటే ఎక్కువగా ఇబ్బంది పడుతుంది. 20 డిగ్రీల నుండి 25 డిగ్రీలకు చేరగానే పుచ్చ మొలకెత్తే కాలం సగానికంటే తగ్గిపోతుంది.

ఆలస్యంగా మొలవడం ఒక్కటే నష్టం కాదు. తేమను పీల్చుకుని ఉబ్బిన గింజ రెండు వారాలు నేలలోనే ఉండిపోతే దానిని కుళ్లించే శిలీంధ్రాలకు, చీమలకు, ఎలుకలకు ఆహారమవుతుంది. మిగిలినవి ముందూ వెనుకగా మొలవడం వలన చేను ఎగుడుదిగుడుగా ఉంటుంది. మొలిచిన తరువాత కూడా తీగజాతి లేత మొక్కలు 10 డిగ్రీలకు సమీపంగా వరుస రాత్రులు గడిపితే ఆకులు పాలిపోయి, వేరు పనిచేయక, పెరుగుదల నిలిచిపోతుంది.

మొక్క పెరుగుదలను ఉష్ణమాన రోజులలో లెక్కిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. పగలు 29, రాత్రి 11 డిగ్రీలున్న జనవరి రోజున సగటు 20 డిగ్రీలు. తీగజాతికి 12 డిగ్రీలకు దిగువన పెరుగుదల ఉండదనుకుంటే ఆ రోజు మొక్కకు ఉపయోగపడేది 8 డిగ్రీలు. పగలు 33, రాత్రి 17 డిగ్రీలున్న ఫిబ్రవరి రోజున సగటు 25, ఉపయోగపడేది 13 డిగ్రీలు. ఈ లెక్కన జనవరిలో 12 నుండి 13 రోజుల్లో జరిగే పెరుగుదల ఫిబ్రవరిలో 8 రోజుల్లోనే జరుగుతుంది. 20 రోజులు ముందుగా విత్తిన రైతు 20 రోజులు ముందుగా కాయ కోయలేకపోవడానికి కారణం ఇదే.

విత్తన లోపమా, నేల చలియా?

ప్రతి ఏటా జనవరి చివర వినవచ్చే ఒక ఫిర్యాదు ఉంది. ఇంట్లో తడిగుడ్డలో కట్టినప్పుడు బాగా మొలిచిన గింజ చేనులో మొలవలేదని, విత్తనం నకిలీదని రైతు భావిస్తాడు. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. అయితే ధ్రువీకృత విత్తనానికి నిర్దేశించిన కనీస మొలకశాతం టమాటలో 70, బెండలో 65, తీగజాతి కూరగాయల్లో 60. ఈ శాతాన్ని ప్రయోగశాలలో అనుకూల ఉష్ణోగ్రత వద్ద పరీక్షించి నిర్ణయిస్తారు. ఇంటి లోపల గోడ పక్కన ఉంచిన గుడ్డమూట కూడా చేను కంటే వెచ్చగానే ఉంటుంది. నాణ్యమైన విత్తనమే అయినా 15 డిగ్రీల నేలలో ఆ శాతం రాదు. హైబ్రిడ్ విత్తనాన్ని గ్రాముల లెక్కన కొనే చిన్న రైతు రెండవసారి విత్తవలసి వస్తే విత్తన వ్యయం రెట్టింపవుతుంది, మొదటి తడుల నీరు వృథా అవుతుంది, కాలం కూడా చేజారుతుంది. అందుకే మొలక పరీక్షను విత్తబోయే చేనులోనే జరపాలి.

సాక్షి మడి

నేల ఉష్ణమాపకం అందుబాటులో ఉంటే 5 సెంటీమీటర్ల లోతున ఉదయం 7 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు చూడాలి. వ్యవసాయ వాతావరణ కేంద్రాల్లో పాటించే వేళలు కూడా ఇవే. ఉదయం చూసినప్పుడు వరుసగా ఐదు రోజులు 18 డిగ్రీలు లేదా అంతకు మించి ఉంటే తీగజాతి కూరగాయలు విత్తడానికి నేల సిద్ధమైనట్లు భావించవచ్చు. బెండకు మరో రెండు డిగ్రీలు ఎక్కువగా ఉండడం మేలు.

ఉష్ణమాపకం లేని రైతుకు కీరదోస గింజే ఉష్ణమాపకం. విత్తదలచిన చేనులో నీడపడని చోట రెండు గజాల మడి చేసి, తగిన పదునులో 20 గింజలు విత్తి, తేదీ రాసి పుల్ల గుచ్చాలి. జనవరి 10 నుండి ఐదు రోజులకొకసారి మరో 20 గింజలు విత్తుతూ పోవాలి. ఏ విడత గింజల్లో సగానికి మించి 6 లేదా 7 రోజుల్లో నేలపైకి వస్తాయో అప్పటికి నేల సగటు వేడి 20 డిగ్రీలకు చేరినట్లు పై పట్టిక చెబుతోంది. ఆ విడత మొలిచిన వెంటనే తీగజాతి విత్తనాన్ని పూర్తిగా విత్తుకోవచ్చు. బెండకు ఇంకొక వారం ఆగడం మంచిది. మొలక 10 రోజులు దాటినా రాకపోతే పక్కింటి రైతు విత్తినా, పండుగ వచ్చినా తొందరపడరాదు. గుప్పెడు గింజలతో చేసే ఈ పరీక్ష ఎకరం విత్తనాన్ని కాపాడుతుంది.

ఒకే జిల్లా, అనేక పొలాలు

సాక్షి మడిని ఎవరి చేనులో వారే వేసుకోవాలి. జిల్లా అంతటికీ ఒక తేదీ పనికిరాకపోవడానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది నేల నైసర్గిక స్థితి. మబ్బులేని పొడి రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలివేస్తుంది. నేలను అంటి చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంబడి నీటి వలె కిందికి జారి లోయల్లో నిలుస్తుంది. జైనూర్, సిర్పూర్(యు), లింగాపూర్, కెరమెరి, తిర్యాణి మండలాల్లో కొండల నడుమనున్న చదును పొలాలు తెల్లవారుజామున ఎక్కువగా చల్లబడడానికి కారణం ఇదే. అదే గ్రామంలో వాలు మీద ఉన్న చెలక రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉండవచ్చు. ఇటువంటి గ్రామాల్లో మొదటి విత్తనాన్ని వాలు భూమికి, రెండవ విడతను లోయ భూమికి కేటాయించాలి.

రెండవది నేల రకం. నీటిని వేడిచేయడానికి అంతే బరువున్న పొడి మట్టిని వేడిచేయడానికి కావలసిన దానికంటే సుమారు ఐదు రెట్ల వేడి అవసరం. తేమను ఎక్కువగా పట్టి ఉంచే నల్లరేగడి అందువల్లనే ఆలస్యంగా వెచ్చబడుతుంది. వార్ధా, వైన్‌గంగ నదులు కలిసి ప్రాణహితగా మారే కౌటాల ప్రాంతంలోనూ, పెద్దవాగు ఒడ్డునా ఉన్న ఇసుక పాలు ఎక్కువ గల తేలిక నేలలు త్వరగా వెచ్చబడతాయి. ఒకే రైతుకు రెండు రకాల నేలలున్నప్పుడు తేలిక నేలను ముందుగా విత్తుకోవాలి.

మూడవది నీటి వనరు. చలికాలపు ఉదయాన వాగు నీరు, కాలువ నీరు చల్లగా ఉంటాయి. లోతు నుండి వచ్చే బోరు నీరు ఆ వేళ గోరువెచ్చగా ఉంటుంది. విత్తిన తొలి పది రోజుల్లో వాగు నీటిని వాడేవారు ఎండ ఎక్కిన తరువాత పలుచగా తడి ఇవ్వాలి. సాయంకాలం నిండుగా పారించిన చల్లని నీరు ఆ రోజు నేల కూడగట్టుకున్న వేడిని హరిస్తుంది. విత్తడానికి ముందే తడి ఇచ్చి, పదును వచ్చాక విత్తి, మొలక వచ్చేవరకు వీలైనంత తక్కువ నీటితో సరిపెట్టడం అన్నింటికంటే ఉత్తమం.

చివరి హద్దు: ఎండ, నీరు

శీతల దేశాల రైతుకు వసంతంలో చివరి మంచు ఎప్పుడన్నదే ముఖ్యమైన ప్రశ్న. ఆ తరువాత ముందున్నది అనుకూలమైన దీర్ఘ వేసవి. మన స్థితి అటువంటిది కాదు. చలి తగ్గిన రెండు మాసాలకే ఎండ పంటను అడ్డుకుంటుంది. కనుక విత్తు తేదీని వెనుక నుండి కూడా లెక్కించాలి.

టమాటలో రాత్రి ఉష్ణోగ్రత 15 నుండి 20 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు కాయ బాగా కడుతుంది. పగలు 35, రాత్రి 25 డిగ్రీలు దాటితే పుప్పొడి శక్తి తగ్గి పూత రాలుతుంది. ఈ జిల్లాలో మార్చి నెలాఖరుకే పగటి హద్దు దాటుతుంది. నాటిన 25 నుండి 30 రోజులకు పూత మొదలవుతుంది కనుక ఫిబ్రవరి మొదటి వారానికి నాటిన తోట మార్చి అంతా కాయ కట్టుకోగలుగుతుంది. మార్చిలో నాటిన తోట ఏపుగా పెరిగి పూస్తుంది గాని కాపు నిలవదు.

తీగజాతి కూరగాయల్లో మరొక విశేషం ఉంది. వీటిలో మగపూలు, ఆడపూలు వేరువేరుగా ఉంటాయి. చల్లని రాత్రులు, తక్కువ పగటి వేళలు ఆడపూలను ప్రోత్సహిస్తాయి. అధిక ఉష్ణోగ్రత, దీర్ఘమైన పగళ్లు మగపూలను పెంచుతాయి. లేత దశను ఫిబ్రవరిలో గడిపిన సొర, బీర, దోస తీగలకు ఈ అనుకూలత లభిస్తుంది. మొక్కలు 2 నుండి 4 ఆకుల దశలో ఉన్నప్పుడు లీటరు నీటికి 3 నుండి 4 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారి చేస్తే ఆడపూలు పెరుగుతాయన్న సిఫారసు ఉన్నది. అయితే మార్చిలో విత్తిన పంటకు ఆ పిచికారి కోల్పోయిన కాలాన్ని తిరిగి ఇవ్వజాలదు.

బీరనే ఉదాహరణగా తీసుకుందాం. ఫిబ్రవరి 1న విత్తితే 55 నుండి 60 రోజులకు, అంటే మార్చి చివరి వారంలో, తొలి కోత వస్తుంది. ఏప్రిల్ అంతా కోతలు సాగుతాయి. పెండ్లిళ్ల కాలం, ఆకుకూరలు తగ్గి అంగళ్లలో కూరగాయలకు గిరాకీ పెరిగే కాలం అదే. మార్చి 1న విత్తితే తొలి కోత ఏప్రిల్ చివరకు జరుగుతుంది. అప్పటినుండి పంట ప్రతి రోజూ ఎండతోనూ నీటి కొరతతోనూ పోరాడవలసి ఉంటుంది. జనవరిలో పంటకు ఒక రోజుకు కావలసిన నీటికి మే మాసంలో కావలసింది రెట్టింపును మించుతుంది. బావుల్లో నీటిమట్టం అట్టడుగుకు చేరేది కూడా అప్పుడే. వట్టివాగు, కుమురం భీం ప్రాజెక్టుల కింద నీరందని పొలాల్లో ఒకే బోరు మీద అర ఎకరం పండించే కుటుంబానికి ఇదే అసలు ప్రమాదం. కాపు మీదున్న పంటను మే మొదటి వారంలో ఎండబెట్టుకోవడం కంటే ఆ విస్తీర్ణాన్ని ముందే తగ్గించుకోవడం నయం. మార్చి, ఏప్రిల్ మాసాల్లో ఉత్తర తెలంగాణలో పడే వడగండ్లను కూడా దృష్టిలో ఉంచుకుని మొత్తం విత్తనాన్ని ఒకే రోజున కాక పది రోజుల తేడాతో రెండు విడతలుగా విత్తుకోవాలి.

పంటల వారీగా విత్తు కాలం

పై రెండు హద్దులను కలిపి చూసినప్పుడు ఆసిఫాబాద్, రెబ్బెన, కాగజ్‌నగర్ మైదాన ప్రాంతాలకు ఈ క్రమం అనుకూలమైనది.

టమాట, వంగ, మిరప: నారును డిసెంబరు 20 నుండి జనవరి 5 లోపు రక్షణలో పెంచాలి. టమాటను జనవరి 25 నుండి ఫిబ్రవరి 5 లోపు నాటాలి. వంగ, మిరప నారు మరికొంత ముదిరాక నాటవచ్చు.

సొర, బీర, కీరదోస: జనవరి చివరి వారం నుండి ఫిబ్రవరి 10 వరకు. తేలిక నేలల్లో సాక్షి మడి అనుమతిస్తే జనవరి 20 నుండే మొదలుపెట్టవచ్చు. ఫిబ్రవరి 20 దాటిన తరువాత విత్తరాదు.

కాకర, పుచ్చ: వీటికి వెచ్చదనం ఎక్కువ కావాలి. శ్రవణ కార్తె చివరి నుండి ధనిష్ఠ కార్తె వరకు విత్తాలి.

బెండ: ఫిబ్రవరి 1 నుండి 20 వరకు. విత్తనాన్ని రాత్రంతా, అంటే 12 గంటలు, నీటిలో నానబెట్టి ఆరబెట్టి విత్తితే మొలక త్వరపడుతుంది. వేసవిలో మొక్కలు తక్కువగా విస్తరిస్తాయి కనుక సూటి రకాలకు ఎకరాకు 7 నుండి 8 కిలోల విత్తనం వాడి, వరుసల మధ్య 45, మొక్కల మధ్య 20 సెంటీమీటర్ల ఎడం పాటించాలి. ఆలస్యంగా విత్తిన బెండలో తెల్లదోమ ద్వారా వ్యాపించే పల్లాకు తెగులు ఉద్ధృతి ఎక్కువ. అర్క అనామిక, పర్భణి క్రాంతి వంటి తట్టుకునే రకాలను ఎంచుకోవాలి.

గోరుచిక్కుడు: ఎండను బాగా తట్టుకుంటుంది. ఫిబ్రవరి అంతా విత్తుకోవచ్చు. తక్కిన పంటలకు కాలం మించిన రైతుకు ఇదీ, తోటకూర వంటి ఆకుకూరలూ మిగిలిన మార్గం.

కొండ మండలాల్లోని లోయ పొలాల్లో తీగజాతి, బెండ పంటలు ఒక కార్తె ఆలస్యంగా మొదలవుతాయి. చివరి హద్దు మాత్రం మైదానానికి పెట్టినదే. అక్కడ గడువు మరింత ఇరుకైనది కనుక కింద తెలిపే పద్ధతులు ఆ రైతులకే ఎక్కువగా అవసరం.

చలిలోనే కాలాన్ని సంపాదించే మార్గాలు

మొక్కను చేనులో కాక రక్షణలో మొలిపించడం మొదటి మార్గం. టమాట, వంగ, మిరపలకు కొబ్బరి పొట్టు నింపిన 98 గుంటల ప్రోట్రేలు, తీగజాతికి చిన్న పాలిథిన్ సంచులు అనుకూలం. వీటిని ఇంటికి దక్షిణం వైపు ఎండ తగిలే చోట ఉంచి, సూర్యాస్తమయానికి ముందే వెదురు బద్దల మీద పాలిథిన్ పట్టా కప్పి, ఉదయం ఎండ ఎక్కగానే తొలగించాలి. పగలు కూడా కప్పి ఉంచితే లోపలి తేమ వలన నారుకుళ్లు సోకుతుంది. తీగజాతి వేరు కదిలితే కోలుకోలేదు కనుక 15 నుండి 20 రోజుల వయసులో, 2 నుండి 3 ఆకుల దశలోనే సంచి చింపి మట్టిగడ్డతో సహా పాదులో నాటాలి. నాటడానికి నాలుగైదు రోజుల ముందు నుండి రాత్రి కప్పును క్రమంగా తొలగించి మొక్కను గట్టిపరచాలి. ఈ పద్ధతిలో చేను చల్లగా ఉన్న రెండు వారాలు వృథా కావు.

రెండవ మార్గం బోదెల దిశ. ఆసిఫాబాద్ 19.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉన్నది. జనవరి మధ్యలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణ దిశలో సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. బోదెలను తూర్పు పడమరలుగా వేసి దక్షిణపు వాలుపై విత్తితే ఎండ నేరుగా తగిలి ఆ వాలు చదును నేల కంటే త్వరగా వెచ్చబడుతుంది. ఇందుకు అదనపు వ్యయమేమీ లేదు.

మూడవ మార్గం గాలి అడ్డు. ఉత్తర భారతంలో యమున, గంగ ఇసుక మేటల్లో తీగజాతి కూరగాయలు పండించే రైతులు నవంబరు, డిసెంబరు మాసాల్లోనే గుంటల్లో విత్తి, గడ్డితో అల్లిన తడకలను ఉత్తరం వైపు నిలిపి లేత మొక్కలను చలిగాలి నుండి కాపాడతారు. ప్రాణహిత ఒడ్డున, వాగుల ఇసుక మేటల్లో పుచ్చ, దోస వేసే మన రైతులకు ఇది అనుసరణీయం. జొన్న చొప్ప, కంది కట్టె ఇందుకు సరిపోతాయి. పత్తి కట్టెను మాత్రం వాడరాదు. ఎండిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాగి ఉండి తదుపరి పంటకు చేరుతుంది.

అసలు నిర్ణయం డిసెంబరులోనే

ఇంతవరకు చెప్పినవన్నీ చేను ఖాళీగా ఉన్నప్పుడే వర్తిస్తాయి. ఈ జిల్లాలో వేసవి కూరగాయలు ఆలస్యం కావడానికి చలి కంటే పెద్ద కారణం చేనులో నిలిచి ఉన్న పత్తి. జూన్‌లో విత్తిన పత్తి డిసెంబరు నాటికి ప్రధానమైన తీతలు ఇచ్చివేస్తుంది. కొన ఊడుపు కోసం నీరు పెట్టి ఫిబ్రవరి వరకు ఉంచిన తోటలో వచ్చే దూది తక్కువ, నాణ్యత తక్కువ. గులాబీ రంగు పురుగుకు మాత్రం అది ఆశ్రయం. పత్తిని డిసెంబరు చివరికి ముగించాలన్న సిఫారసుకు సస్యరక్షణ ఒక కారణమైతే, నీటి వసతి గల రైతుకు వేసవి కూరగాయల కాలం మరొక కారణం.

పత్తి కట్టె తీసి, దున్ని, పశువుల ఎరువు చల్లి, తడి ఇచ్చి, పదును చూసి, బోదెలు వేయడానికి కనీసం రెండు మూడు వారాలు పడుతుంది. జనవరి చివర కట్టె తీసిన రైతు ఫిబ్రవరి మూడవ వారానికి గాని విత్తలేడు. అప్పటికి నేల వెచ్చగానే ఉంటుంది, గింజ నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, చేను చూడముచ్చటగానూ ఉంటుంది. ఏప్రిల్‌లో నష్టం బయటపడేవరకు కాలం మించిన సంగతి తెలియదు. అందుచేత మొత్తం పత్తి చేనును ఖాళీ చేయలేని రైతు బావికి దగ్గరగా ఉన్న అర ఎకరంలోనైనా డిసెంబరు చివరికి కట్టె తీసి సిద్ధం చేసుకోవాలి. కొన ఊడుపులో వచ్చే దూది విలువనూ, ఏప్రిల్‌లో అమ్ముకోగల కూరగాయల విలువనూ పక్కపక్కన వేసి చూసుకుంటే ఏ భాగాన్ని ఖాళీ చేయాలో ఎవరికి వారే నిర్ణయించుకోగలుగుతారు.

జిల్లాల వారీ వ్యవసాయ వాతావరణ సలహాలు ప్రతి మంగళ, శుక్రవారాల్లో వెలువడతాయి. మేఘదూత్ యాప్‌లోనూ ఇవి తెలుగులో లభిస్తాయి. రాబోయే ఐదు రోజుల కనిష్ఠ ఉష్ణోగ్రత తగ్గుతుందని సూచన ఉంటే సాక్షి మడి అనుకూలంగా ఉన్నా విత్తును ఆ మేరకు ఆపుకోవాలి. రకాల ఎంపిక, నారు పెంపకంపై సందేహాలకు బెల్లంపల్లి, ఆదిలాబాద్ కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలను లేదా మండల ఉద్యాన అధికారులను సంప్రదించవచ్చు.

డిసెంబరు చివరికి చేను ఖాళీ చేయడం, అప్పుడే నారు పోసుకోవడం, జనవరి 10న సాక్షి మడిలో తొలి 20 గింజలు వేయడం, శ్రవణ కార్తెలో తీగజాతిని, ధనిష్ఠ కార్తె ముగిసేలోపు బెండను విత్తడం, ఫిబ్రవరి 20 తరువాత కొత్త విస్తీర్ణం చేపట్టకపోవడం అన్న క్రమాన్ని పాటించిన రైతు చలికి విత్తనాన్ని, ఎండకు కాపును కోల్పోకుండా తన బావిలోని నీటికి తగిన ఫలితాన్ని పొందగలడు.